సంవర్గమానాలు, ఘాత ప్రమేయాలు, విలోమాలు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా సాధన చేయాలి

సంవర్గమానాలు (లాగరిథమ్‌లు, క్లుప్తంగా లాగ్‌లు) అర్థం కావడం లేదంటూ వచ్చే ఇంటర్ విద్యార్థుల నోటుపుస్తకాలు తెరిస్తే దాదాపు అన్నింటిలోనూ ఒకే దృశ్యం కనిపిస్తుంది. మొదటి పేజీలో ఆరేడు సూత్రాలు, వాటి చుట్టూ ఎర్ర సిరాతో గీసిన గడి, ఆ కింద వరుసగా లెక్కలు. సూత్రాలన్నీ కంఠతా వచ్చు. అయినా ‘లాగ్₂ 8 ఎంత?’ అని అడగగానే కళ్లు ఆ గడి వైపే వెళతాయి. జవాబు ఆ గడిలో దొరకదు. 2ను ఎన్నో ఘాతానికి పెంచితే 8 వస్తుంది అన్న ప్రశ్నలోనే ఉంది జవాబు. ఆ ప్రశ్న నోట్లో నానిన వారికి సూత్రాలు వాటంతట అవే వస్తాయి. అది నానకుండా సూత్రాలు పట్టుకున్నవారు పరీక్ష హాల్లో గుణకారం చేయాల్సిన చోట కూడిక చేసి వస్తారు.

అందుకే నేను ఈ పాఠాన్ని ముందు విలోమం, తరువాత ఘాతం, చివరికి సంవర్గమానం అనే వరుసలో చెబుతాను. సంవర్గమానం విడిగా పుట్టిన కొత్త వస్తువు కాదు, ఘాతం వెళ్లిన దారిలో వెనక్కి రావడమే. మన ఇళ్లలో బయలుదేరేటప్పుడు ‘వెళ్తాను’ అనరు, ‘వెళ్లి వస్తాను’ అంటారు. ఈ అధ్యాయంలో ప్రతి లెక్కనూ అలాగే చేయాలి. వెళ్లాలి, తిరిగి రావాలి. తిరిగి రాని లెక్క పూర్తయినట్టు కాదు.

రాత పద్ధతి గురించి ఒక మాట. పాఠ్యపుస్తకంలో ఎక్స్, వై ఉండే చోట ఇక్కడ య, ర అని రాస్తున్నాను. మన పాత బీజగణితకారులు తెలియని రాశిని యావత్తావత్ అని పిలిచి ‘యా’ అనే అక్షరంతో గుర్తించేవారు కాబట్టి ఇది మరీ కొత్త అలవాటు కాదు. ప్రమేయాన్ని, అంటే ఒక సంఖ్య వేస్తే ఒక సంఖ్యను ఇచ్చే నియమాన్ని, ‘ప్ర’ అంటాను. 2^య అంటే 2ను య ఘాతానికి పెంచడం. లాగ్ పక్కన కిందుగా ఉన్న చిన్న అంకె ఆధారం (ఘాతానికి పెంచే సంఖ్య), అక్కడ ఏమీ లేకపోతే ఆధారం 10.

మొదటి మెట్టు: వెనక్కి రావడం నేర్చుకోండి

ఇంటి నుంచి బయటికి వెళ్లేటప్పుడు ముందు తలుపు వేస్తాం, ఆ తరువాత తాళం వేస్తాం. తిరిగి వచ్చాక ముందు తాళం తీస్తాం, ఆ తరువాత తలుపు తెరుస్తాం. చివర చేసిన పని మొదట రద్దవుతుంది. విలోమ ప్రమేయం గురించి తెలియాల్సిందంతా ఇందులోనే ఉంది.

ప్ర(య) = 3య + 5 తీసుకోండి. ఇది సంఖ్యను 3తో గుణించి, తరువాత 5 కలుపుతుంది. వెనక్కి రావాలంటే ముందు 5 తీసేయాలి, తరువాత 3తో భాగించాలి. కాబట్టి ప్ర⁻¹(య) = (య − 5)/3. ఇప్పుడు వెళ్లి రండి. 4 వేస్తే 17 వచ్చింది, 17ను విలోమంలో వేస్తే (17 − 5)/3 = 4. ఇల్లు చేరాం.

మొదటి రెండు రోజులూ ఇలాంటి సులువైన లెక్కలే ఇరవై దాకా చేయండి. ప్రతి దానికీ ముందు ఆ ప్రమేయం చేసే పనులను తెలుగులో వరుసగా రాయండి: ‘రెట్టింపు చేయి, 7 తీసేయి, ఘనం చేయి’. దాని కింద అదే జాబితాను తలకిందులుగా రాయండి: ‘ఘనమూలం తీయి, 7 కలుపు, సగం చేయి’. చిన్నపిల్లల పనిలా అనిపించినా మానకండి. తరువాత 2^య లోపల, పైన, పక్కన రకరకాల సంఖ్యలు చేరినప్పుడు ఈ జాబితాయే ఆదుకుంటుంది.

య రెండు చోట్ల ఉన్నప్పుడు జాబితా పనిచేయదు. అప్పుడు సమీకరణం సాధించాలి. ప్ర(య) = (2య + 1)/(య − 3) చూడండి. దీన్ని ర అనుకుంటే

ర(య − 3) = 2య + 1
రయ − 2య = 3ర + 1
య = (3ర + 1)/(ర − 2)

వెళ్లి వద్దాం. య = 4 అయితే ర = 9/1 = 9. తిరుగు దారిలో (27 + 1)/(9 − 2) = 28/7 = 4. ఇక్కడ ఒక్క క్షణం ఆగి హారాలు గమనించండి. వెళ్లే దారిలో 3 నిషిద్ధం, తిరిగి వచ్చే దారిలో 2 నిషిద్ధం. మొదటి ప్రమేయానికి ఏ విలువ పెట్టినా 2 మాత్రం రాదు, అందుకే విలోమంలో 2 పెట్టడానికి వీల్లేదు. ఒకదాని ప్రదేశం (వేయదగిన విలువలు) మరొకదాని వ్యాప్తి (వచ్చే విలువలు) అవుతుంది. సంవర్గమానానికి రుణ సంఖ్యలు ఎందుకు పనికిరావో రేపు ఈ ఒక్క వాక్యమే చెబుతుంది, కాబట్టి దాన్ని తేలిగ్గా దాటేయకండి.

అన్ని దారుల్లోనూ వెనక్కి రాలేం. ప్ర(య) = య² లో 3 వేసినా 9, −3 వేసినా 9. చేతిలో 9 మాత్రమే ఉంటే ఎక్కడి నుంచి వచ్చామో చెప్పలేం. ఇంటర్ మొదటి సంవత్సరం ప్రమేయాల అధ్యాయంలో అన్వేకం, సంగ్రస్తం, ద్విగుణం అన్న మాటలు రావడం దీనికోసమే. అన్వేకం అంటే ఇద్దరు ఒకే చోటికి చేరకూడదు. సంగ్రస్తం అంటే చేరాల్సిన చోటు ఏదీ ఖాళీగా మిగలకూడదు. రెండూ ఉంటే ద్విగుణం, అప్పుడే విలోమం ఉంటుంది. య² ప్రదేశాన్నీ సహప్రదేశాన్నీ (చేరాల్సిన చోట్లన్నిటినీ) రుణేతర సంఖ్యలకు పరిమితం చేస్తే ఆ ఇబ్బంది తొలగిపోయి వర్గమూలం దాని విలోమం అవుతుంది.

ఒక హెచ్చరిక. ప్ర⁻¹ అన్న గుర్తులో −1 ఘాతాంకం కాదు. 3య + 5 విలోమం 1/(3య + 5) అని రాసినవారిని ఏటా చూస్తున్నాను. అనుమానం వస్తే ఒక్క సంఖ్య వేసి వెళ్లి రండి, అర నిమిషంలో తేలిపోతుంది.

రెండో మెట్టు: ఘాత ప్రమేయం, గుండుసూది

ఒక గ్రాఫు కాగితం తీసుకోండి. రెండు అక్షాల మీదా ఒక్కో సెంటీమీటరు ఒక్కో ప్రమాణం. ఈ కొలత రెండింటికీ సమానంగా ఉండకపోతే తరువాత చేయబోయే పని చెడిపోతుంది. మూలబిందువుకు ఎడమకూ కిందకూ నాలుగు గళ్లు, కుడికీ పైకీ తొమ్మిది గళ్లు ఉండేలా అక్షాలు గీయండి. ఇప్పుడు 2^య విలువలు చేత్తో లెక్కకట్టండి. య విలువ −3 నుంచి 3 వరకు ఒక్కొక్కటిగా పెరిగితే 2^య వరుసగా 1/8, 1/4, 1/2, 1, 2, 4, 8 అవుతుంది. ఏడు చుక్కలు పెట్టి నున్నగా కలపండి.

కలిపేటప్పుడు చేతికి రెండు విషయాలు తెలియాలి. కుడివైపు వక్రం ఎంత నిటారుగా లేస్తుందో, ఎడమవైపు అడ్డ అక్షానికి ఎంత దగ్గరగా పాకినా దాన్ని ఎలా తాకదో. 2ను ఏ ఘాతానికి పెంచినా సున్నా రాదు, రుణ సంఖ్య అసలే రాదు. కాబట్టి వ్యాప్తి ధన సంఖ్యలు మాత్రమే. ఏ అడ్డగీత గీసినా వక్రాన్ని ఒక్కసారికి మించి ఖండించదు, కాబట్టి అన్వేకం. అంటే దీనికి విలోమం ఉండి తీరాలి.

ఆ విలోమాన్ని సూత్రంతో కాక కంటితో చూద్దాం. మూలబిందువు గుండా 45 డిగ్రీల గీత గీయండి, (1, 1), (2, 2), (3, 3) దాని మీద ఉంటాయి. కాగితాన్ని సరిగ్గా ఆ గీత వెంట మడవండి. కింద మందపాటి గుడ్డ పెట్టుకుని, ఏడు చుక్కల మీదా గుండుసూదితో రెండు పొరలూ దిగేలా పొడవండి. మడత విప్పి కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకోండి. మీరు పెట్టని చోట్ల ఏడు వెలుగు చుక్కలు కనిపిస్తాయి. (3, 8) దగ్గర పొడిచిన సూది (8, 3) దగ్గర బయటికొచ్చింది, (0, 1) దగ్గర పొడిచినది (1, 0) దగ్గర. ఆ చుక్కలను కలిపితే వచ్చేదే లాగ్₂ య వక్రం. అది ఎప్పుడూ నిలువు అక్షానికి కుడివైపే ఉంటుంది, (1, 0) గుండా వెళుతుంది, మెల్లగా మెల్లగా పెరుగుతుంది. వీటిలో ఏదీ బట్టీ పట్టనక్కర్లేదు, కాగితమే చెబుతోంది. నా విద్యార్థులకు ఈ ఒక్క పని మాత్రం తప్పనిసరిగా చేయమంటాను. కంప్యూటర్‌లో గీసిన వక్రం ఎంత అందంగా ఉన్నా ఈ పనికి బదులు కాదు.

ఆధారం 1/2 తో ఇంకో కాగితం చేయండి. వక్రం ఎడమ నుంచి కుడికి దిగుతుంది. ఆధారం 1 అయితే అన్ని ఘాతాలూ 1 కాబట్టి వెనక్కి రాలేం. ఆధారం రుణ సంఖ్య అయితే సగం ఘాతం దగ్గరే వాస్తవ సంఖ్యల్లో దారి మూసుకుపోతుంది. ఆధారం ధనాత్మకంగా ఉండాలి, 1 కాకూడదు అన్న నియమం వెనుక ఉన్నది ఇంతే.

మూడో మెట్టు: లాగ్ అంటే ప్రశ్న

రాష్ట్రకూటుల కాలానికి చెందిన జైన పండితుడు వీరసేనుడు 9వ శతాబ్దం ఆరంభంలో అర్ధచ్ఛేదం అన్న మాట వాడాడు. ఒక సంఖ్యను ఎన్నిసార్లు సగం చేయగలమో ఆ లెక్క దాని అర్ధచ్ఛేదం. 32ను సగం చేస్తూ పోతే 16, 8, 4, 2, 1. ఐదు సార్లు. కాబట్టి 32 అర్ధచ్ఛేదం 5. మనం ఇవాళ లాగ్₂ 32 = 5 అని రాస్తున్నది ఇదే. మూడుతో, నాలుగుతో భాగించే లెక్కలకూ ఆయన దగ్గర విడిగా పేర్లున్నాయి. లాగ్ అన్న మాట గొంతులో అడ్డంపడే విద్యార్థికి నేను ముందు అర్ధచ్ఛేదాలే ఇస్తాను. 64? 128? 1024? రెండు నిమిషాల్లో భయం పోతుంది.

ఐరోపాలో స్కాట్లండుకు చెందిన జాన్ నేపియర్ 1614లో తన పట్టికలు ప్రచురించాడు. ఆయన్ని కలవడానికి 1615లో లండన్ నుంచి ఎడిన్‌బరో వెళ్లిన హెన్రీ బ్రిగ్స్ 1617లో పది ఆధారంగా మొదటి వెయ్యి సంఖ్యల సంవర్గమానాలు అచ్చువేశాడు. ఇంటర్ ప్రయోగ పరీక్షల్లో చేతిలో ఉండే లాగ్ పుస్తకానికి మూలం అదే. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ రోజుల్లో ఘాతాంకాలను ఇప్పటిలా రాసే అలవాటు ఇంకా స్థిరపడలేదు. సంవర్గమానాన్ని ఘాతానికి విలోమంగా గణిత శాస్త్రవేత్త ఆయిలర్ స్పష్టంగా నిర్వచించింది 1748లో. చరిత్రలో లాగ్ ముందు వచ్చింది, ఘాత ప్రమేయం తరువాత స్థిరపడింది. నేర్చుకునేవారికి మాత్రం ఆయిలర్ వరుసే సులువు.

ఇక సాధన. పది రోజుల పాటు రోజుకు పది నిమిషాలు, నోటితో. ఎక్కాలు అప్పజెప్పినట్టు. ఎవరైనా అడగాలి, మీరు జవాబును పూర్తి వాక్యంగా చెప్పాలి. ‘లాగ్₃ 81?’ అంటే ‘నాలుగు’ అని ఆపకండి. ‘నాలుగు, ఎందుకంటే 3^4 = 81’ అనండి. ఆ ‘ఎందుకంటే’ తరువాతి భాగమే తిరుగు ప్రయాణం.

మొదటి మూడు రోజులూ పూర్ణ సంఖ్యలు వచ్చేవి. తరువాత మూడు రోజులు రుణ జవాబులు: లాగ్₂ (1/16) = −4, లాగ్₁₀ 0.001 = −3. ఆఖరి నాలుగు రోజులూ భిన్నాలు. ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. లాగ్₈ 4 చూడండి. 8ని ఎన్నో ఘాతానికి పెంచితే 4? 8 కంటే 4 చిన్నది కాబట్టి ఘాతాంకం 1 కంటే తక్కువ. 8 = 2^3, 4 = 2^2. కాబట్టి 3 × ఘాతాంకం = 2, ఘాతాంకం 2/3. సరిచూద్దాం: 8 ఘనమూలం 2, దాని వర్గం 4. అలాగే లాగ్₄ 8 = 3/2. రెండు జవాబులూ ఒకదానికొకటి తలకిందులుగా ఉన్నాయని గమనించారా? ఆధారాన్నీ సంఖ్యనూ తారుమారు చేస్తే ఎప్పుడూ అంతే.

నాలుగో మెట్టు: సూత్రాలను పుట్టించండి, పట్టిక కట్టండి

ఒకే ఆధారం ఉన్న రెండు ఘాతాలను గుణిస్తే ఘాతాంకాలు కూడతాయి. లాగ్ అంటే ఘాతాంకమే. కాబట్టి లబ్ధపు లాగ్ అంటే లాగ్‌ల మొత్తం. భాగిస్తే తీసివేత. ఒక ఘాతాన్ని మళ్లీ ఘాతానికి పెంచితే ఘాతాంకాలు గుణించుకుంటాయి, అందుకే లోపలి ఘాతాంకం లాగ్ ముందుకు గుణకంగా వస్తుంది. మూడు సూత్రాలూ ఏడో తరగతి నుంచి మీకు తెలిసినవే, వేషం మార్చుకుని వచ్చాయి.

వీటిని స్థిరపరచుకోవడానికి నాకు తెలిసిన ఉత్తమ సాధన సొంత లాగ్ పట్టిక కట్టడం. మీకు మూడే విలువలు ఇస్తున్నాను: లాగ్ 2 = 0.3010, లాగ్ 3 = 0.4771, లాగ్ 7 = 0.8451. వీటితో 1 నుంచి 10 వరకు పూర్తిచేయండి. 4 అంటే 2 × 2, కాబట్టి 0.6020. 6 అంటే 0.7781. 8 అంటే 0.9030. 9 అంటే 0.9542. 5 దగ్గర చాలామంది ఆగిపోతారు. 5ను 2, 3, 7ల లబ్ధంగా రాయలేం, కానీ 10ని 2తో భాగిస్తే 5. కాబట్టి 1 − 0.3010 = 0.6990. ఇది తట్టిన క్షణంలో విద్యార్థి ముఖం చూడాలి. అచ్చు పట్టికలో లాగ్ 4 విలువ 0.6021 అని ఉంటుంది, మీకు చివరి స్థానంలో 1 తేడా వస్తుంది. మనం నాలుగు స్థానాలకు కుదించిన విలువను రెట్టింపు చేశాం కాబట్టి ఆ కుదింపు కూడా రెట్టింపైంది, మీ పద్ధతిలో తప్పేమీ లేదు.

అదే పట్టికతో 2^100లో ఎన్ని అంకెలుంటాయో చెప్పవచ్చు. 100 × 0.3010 = 30.10. అంటే ఆ సంఖ్య 10^30కీ 10^31కీ మధ్య ఉంది, కాబట్టి 31 అంకెలు. 3^50కి 23.855, కాబట్టి 24 అంకెలు.

ఇక తప్పుల సంగతి. లాగ్ (3 + 5) ను లాగ్ 3 + లాగ్ 5 అని విడగొట్టడం, ఒక లాగ్‌ను మరో లాగ్‌తో భాగించడాన్ని తీసివేతగా మార్చడం, లాగ్ వర్గాన్నీ వర్గపు లాగ్‌నూ ఒకటే అనుకోవడం. ఈ మూడింటినీ ‘చేయకూడదు’ అని రాసుకుంటే గుర్తుండదు. ఒక్కొక్కదాన్నీ మీ చేత్తోనే కూల్చండి. లాగ్₂ (8 + 8) = లాగ్₂ 16 = 4, కానీ లాగ్₂ 8 + లాగ్₂ 8 = 6. లాగ్₂ 32ను లాగ్₂ 4తో భాగిస్తే 5/2, కానీ లాగ్₂ (32/4) = 3. లాగ్₂ 8 వర్గం 9, కానీ లాగ్₂ (8^2) = 6. ఏ సూత్రం మీద అనుమానం వచ్చినా ఇలాగే 2 ఘాతాలతో పరీక్షించడం అలవాటు చేసుకోండి. లాగ్₂ 4, 8, 16, 32 నోటికి వచ్చినవే కాబట్టి పది సెకన్లు చాలు.

ఆధారం మార్చే సూత్రాన్ని కూడా సమీకరణంగా చూడండి. 3^య = 20 అనుకుంటే య అంటే లాగ్₃ 20. రెండు వైపులా మామూలు లాగ్ తీస్తే య × లాగ్ 3 = లాగ్ 20. కాబట్టి య = 1.3010/0.4771, సుమారు 2.727. 3^2 = 9, 3^3 = 27, మధ్యలో 20 ఉంది కాబట్టి జవాబు నమ్మదగినదే. ఇక్కడ భాగహారమే చేయాలి, పట్టికలో వెతికి తీసివేయకూడదు.

ఐదో మెట్టు: సమీకరణాలు

రెండు వైపులనూ ఒకే ఆధారానికి తేగలిగితే తేవాలి. 4^(య + 1) = 8^(య − 1) లో రెండూ 2 ఘాతాలే. 2(య + 1) = 3(య − 1), య = 5. సరిచూద్దాం: 4^6 = 4096, 8^4 = 4096.

కొన్ని సమీకరణాలు వర్గ సమీకరణాన్ని దాచుకుని ఉంటాయి. 4^య − 3 × 2^య − 4 = 0 చూడండి. 4^య అంటే 2^య వర్గం. 2^యను ట అనుకుంటే ట² − 3ట − 4 = 0, ట = 4 లేదా −1. 2^య ఎప్పుడూ −1 కాదు, మీ గ్రాఫు కాగితం మీద వక్రం అడ్డ అక్షం కిందకు దిగలేదు కదా. మిగిలింది 2^య = 4, య = 2. సరిచూస్తే 16 − 12 − 4 = 0.

లాగ్ సమీకరణాల్లో మార్కులు పోయేది చివరి గీత దగ్గర. లాగ్₂ య + లాగ్₂ (య − 2) = 3 తీసుకుంటే య(య − 2) = 8, అంటే య² − 2య − 8 = 0, య = 4 లేదా −2. య = 4 అయితే 2 + 1 = 3, సరిపోయింది. య = −2 అయితే లాగ్ లోపల రుణ సంఖ్య వస్తుంది, కాబట్టి చెల్లదు. ఇంతవరకు అందరూ చేస్తారు. కానీ దీన్నుంచి ‘రుణ జవాబు కొట్టేయాలి’ అన్న తప్పుడు నియమం నేర్చుకుంటారు. లాగ్₂ (1 − య) = 3 సాధిస్తే 1 − య = 8, య = −7. ఇది పూర్తిగా సరైన జవాబు, ఎందుకంటే లాగ్ లోపల ఉన్నది 8. చూడాల్సింది య గుర్తును కాదు, లాగ్ లోపల ఉన్న రాశి గుర్తును. ఈ రెండు లెక్కలనూ నోటుపుస్తకంలో పక్కపక్కనే రాసుకోండి.

ఆరో మెట్టు: మూడూ కలిసే చోటు

ప్ర(య) = 3 × 2^(య − 1) + 4. మొదటి మెట్టులోని జాబితా తీయండి. 1 తీసేయి, 2ను ఆ ఘాతానికి పెంచు, 3తో గుణించు, 4 కలుపు. వెనక్కి: 4 తీసేయి, 3తో భాగించు, లాగ్₂ తీయి, 1 కలుపు.

ప్ర⁻¹(య) = 1 + లాగ్₂ ((య − 4)/3)

3 వేసి వెళ్తే 3 × 4 + 4 = 16. 16తో తిరిగి వస్తే 12/3 = 4, లాగ్₂ 4 = 2, 1 కలిపితే 3. విలోమానికి ప్రదేశం య > 4, మొదటి ప్రమేయం వ్యాప్తి కూడా అదే.

ఇంటర్ మొదటి సంవత్సరంలో అతిపరావలయ ప్రమేయాల అధ్యాయాన్ని విద్యార్థులు విడి లోకంలా చూస్తారు. నిజానికి అది ఈ దారిలోనే తరువాతి ఊరు. ఆయిలర్ సంఖ్య 2.71828...ను ఇ అందాం. అతిపరావలయ సైన్ అంటే (ఇ^య − ఇ^(−య))/2. దీని విలోమంలో లాగ్ ఎలా వస్తుందో బట్టీ పట్టకుండా రాబడదాం. ఇ^య = ట అనుకుంటే 2ర = ట − 1/ట, అంటే ట² − 2రట − 1 = 0. వర్గ సమీకరణం సాధిస్తే ట = ర ± √(ర² + 1). √(ర² + 1) ఎప్పుడూ ర కంటే పెద్దది కాబట్టి రుణ గుర్తు తీసుకుంటే ట రుణాత్మకం అవుతుంది. ఘాతం రుణం కాదు. కాబట్టి ధన గుర్తే మిగులుతుంది, య = లాగ్ (ర + √(ర² + 1)), ఇక్కడ లాగ్ ఆధారం ఇ. ఐదో మెట్టులో ట = −1ని కొట్టేసిన కారణమే ఇక్కడా పనిచేసింది.

ఏడో మెట్టు: వడ్డీ లెక్క

నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి పదివేలు అప్పు తెస్తే ఎన్నాళ్లకు బాకీ రెట్టింపవుతుంది? బారువడ్డీ అయితే 50 నెలలు. చక్రవడ్డీ అయితే, నెలనెలా వడ్డీ అసలులో కలిస్తే, 1.02^య = 2. య = లాగ్ 2/లాగ్ 1.02 = 0.3010/0.0086, సుమారు 35 నెలలు. పదిహేను నెలల తేడా. పదివేలా, లక్షా అన్నది సమీకరణంలోకి రానే లేదని గమనించండి.

తరిగే లెక్కలూ ఇంతే. థైరాయిడ్ చికిత్సలో వాడే అయోడిన్-131 అర్ధజీవితం (సగానికి తగ్గే కాలం) సుమారు 8 రోజులు. పదో వంతుకు తగ్గడానికి ఎన్ని అర్ధజీవితాలు కావాలి? లాగ్₂ 10 = 1/0.3010, సుమారు 3.32. కాబట్టి 26, 27 రోజులు. వీరసేనుడి అర్ధచ్ఛేదమే మళ్లీ ఎదురైంది.

సాధన క్రమం

మూడు వారాలు, రోజుకు నలభై నిమిషాలు చాలు. మొదటి వారం విలోమాలు, గ్రాఫు కాగితాలు. రెండో వారం నోటి లెక్కలు, సొంత పట్టిక; నోటి లెక్కల చివరి మూడు రోజులు మూడో వారంలోకి సాగుతాయి. మూడో వారం సమీకరణాలు, కానీ కలగలిపి. ఒకే రకం లెక్కలు ఇరవై వరుసగా చేస్తే చేయి అలవాటు పడుతుంది, బుద్ధి నిద్రపోతుంది. పరీక్షలో ఏ లెక్క ఏ రకమో పైన రాసి ఉండదు. చీటీల మీద లెక్కలు రాసి, కలిపి, ఒక్కొక్కటి తీసి చేయండి. తప్పు చేసిన చీటీని పారేయకుండా మూడు రోజుల తరువాత మళ్లీ తీయండి.

మొదటి ఎనిమిది చీటీలు ఇవి.

1. ప్ర(య) = (5య − 2)/(య + 4) విలోమం.
2. లాగ్₉ 27. ఆధారం 1/2 అయితే 16 సంవర్గమానం.
3. 9^య − 10 × 3^య + 9 = 0.
4. లాగ్₃ (య + 6) + లాగ్₃ య = 3.
5. లాగ్₅ (1 − 4య) = 2.
6. 7^20లో అంకెలెన్ని?
7. ప్ర(య) = 2 × 5^(య + 1) − 7 విలోమం, దాని ప్రదేశం.
8. నెలకు మూడు రూపాయల చక్రవడ్డీతో బాకీ రెట్టింపు దాటడానికి ఎన్ని పూర్తి నెలలు? లాగ్ 1.03 = 0.0128.

జవాబులు: మొదటిది (4య + 2)/(5 − య). రెండోది 3/2, −4. మూడోది 0, 2. నాలుగోది 3 మాత్రమే. ఐదోది −6, కొట్టేయకండి. ఆరోది 17. ఏడోది లాగ్₅ ((య + 7)/2) − 1, య > −7. ఎనిమిదోది 24 నెలలు.

ఇవి పూర్తయ్యాక తొమ్మిదో చీటీ మీద అతిపరావలయ టాంజెంటు రాయండి: (ఇ^య − ఇ^(−య))/(ఇ^య + ఇ^(−య)). దీని విలోమాన్ని పైన చేసినట్టే ఇ^య = ట అనుకుని రాబట్టండి. మీకు వచ్చిన దానిలో 3/5 వేస్తే ఇ ఆధారంగా లాగ్ 2 రావాలి. ఆ విలువను మొదటి ప్రమేయంలో తిరిగి వేయండి. అప్పుడు ఇ^య = 2, ఇ^(−య) = 1/2. మళ్లీ 3/5 వచ్చిందేమో చూసుకోండి.